బరువు తగ్గాక గురక మిషన్‌ను అటకెక్కించవచ్చా?

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందూ, ఆ తరువాతా, నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కులోకి గాలి పంపే సీప్యాప్ మిషన్‌ను ఎలా వాడాలి, ఎప్పుడు మానాలి అన్నదే ఆ నలుగురి సందేహం. విజయవాడలో ఊపిరితిత్తుల, నిద్ర సంబంధ వ్యాధులకు వైద్యం చేసే మా శీర్షిక వైద్యుడు ఈసారి ఆ ఉత్తరాలకే సమాధానాలు ఇచ్చారు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మావారి వయసు 47 ఏళ్లు. పదకొండు నెలల క్రితం విజయవాడలో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నారు. అప్పుడు 131 కిలోలు ఉండేవారు, ఇప్పుడు 89 కిలోలు ఉన్నారు. ఆపరేషన్‌కు ముందు నిద్ర పరీక్ష చేసి, గంటకు 58 సార్లు ఊపిరి ఆగుతోందని చెప్పి, సీప్యాప్ మిషన్‌ను 13 ప్రెషర్‌లో పెట్టి ఇచ్చారు. ఎనిమిది, తొమ్మిది నెలలు బుద్ధిగా పెట్టుకున్నారు. దసరాకు అమ్మవారి కొండ మెట్లన్నీ ఆయాసం లేకుండా ఎక్కిన నాటి నుంచి, గురక కూడా పోయింది కదా, ఇంకా ఈ తొండం ఎందుకని మానేశారు. మిషన్ అటక మీదకు చేరింది. దాన్ని మా ఆడపడుచు భర్తకు ఇచ్చేస్తానని అంటున్నారు, ఆయనకూ గురక ఎక్కువే. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. గురక లేని మాట నిజమే కానీ, తెల్లవారుజామున ఒక్కోసారి ఆయన ఊపిరి చప్పుడు వినిపించదు. వెనుకటి అలవాటు కొద్దీ ఛాతీ మీద చేయి వేసి లెక్కపెడతాను. పన్నెండు, పదిహేను అంకెలు లెక్కపెట్టేసరికి చిన్నగా ఉలిక్కిపడి పక్కకు తిరుగుతారు. రోజూ గుంటూరు నుంచి కానూరు కళాశాలకు సొంత కారు నడుపుకుంటూ వెళ్లి వస్తారు. నాది అనవసరపు భయమా?
— ఒక సోదరి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ భయం అనవసరమైనది కాదు. మీరు చీకట్లో వేళ్ల మీద లెక్కపెట్టినదే మేము పరీక్ష గదిలో యంత్రాలతో లెక్కపెడతాము. నిద్రలో పది సెకన్లకు పైగా గాలి ఆడకపోతే దాన్ని ఒక ఆప్నియాగా పరిగణిస్తాము. మీరు పదిహేను లెక్కపెట్టారు.

ముందు చేయవలసిన పని చెప్పి, తరువాత కారణాలు చెబుతాను. మిషన్‌ను ఎవరికీ ఇవ్వకండి. దాన్ని అటక మీది నుంచి దింపించి, దుమ్ము తుడిచి, ఫిల్టరు మార్చి, మీవారిని వెంటబెట్టుకుని నిద్ర పరీక్ష చేసిన వైద్యుని దగ్గరకు ఈ వారంలోనే తీసుకువెళ్లండి. 42 కిలోలు తగ్గిన మనిషికి పాత 13 ప్రెషర్ ఎక్కువయ్యే అవకాశం ఉంది కాబట్టి, ఆయన దాన్ని తగ్గించి ఇస్తారు, లేదా ఏ క్షణానికి ఎంత గాలి కావాలో మిషనే చూసుకునే ఆటో పద్ధతికి మారుస్తారు. ఆ తరువాత మళ్లీ నిద్ర పరీక్ష చేయాలి. దాని ఫలితం చేతికి వచ్చేదాకా, పరీక్ష కోసం వైద్యుడు ఆపమన్న రాత్రులు తప్ప, ప్రతి రాత్రీ మిషన్ పెట్టుకునే పడుకోవాలి. ఈలోగా స్టీరింగ్ దగ్గర ఏ కాస్త కునుకుపాటు వచ్చినా ఆయన కారు నడపకూడదు. గుంటూరు, విజయవాడల మధ్య జాతీయ రహదారి మీద లారీల నడుమ రెండు సెకన్ల కునుకు ఏం చేయగలదో మీకు నేను వర్ణించనక్కర్లేదు.

ఇక కారణాలు. కొబ్బరి బొండంలో కాగితపు స్ట్రా తడిసి మెత్తబడ్డాక గట్టిగా పీలిస్తే, స్ట్రా గోడలు రెండూ అతుక్కుపోయి నీళ్లు రావడం ఆగిపోతుంది. నిద్రలో గొంతుకు జరిగేది అదే. నాలుక వెనుక, కొండనాలుక చుట్టూ ఉండే దారికి ఎముకల ఆధారం లేదు, కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో ఆ కండరాలు సడలుతాయి. దారి ముందే ఇరుకైతే పీల్చిన ప్రతిసారీ గోడలు దగ్గరకు వచ్చి, కొంత మూసుకుపోతే గురక వస్తుంది, పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతున్న సంగతి మెదడు పసిగట్టి మనిషిని అర మెలకువలోకి తెస్తుంది. ఆయన ఉలిక్కిపడేది అందుకే, అయినా పొద్దున్న ఆయనకు ఏదీ గుర్తుండదు. చాలామంది ఈ మిషన్‌ను ఆక్సిజన్ మిషన్ అనుకుంటారు కానీ, అది గదిలోని గాలినే కొద్దిపాటి ఒత్తిడితో ముక్కులోకి పంపి, ఆ గోడలు కూలకుండా నిలిపి ఉంచుతుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు దీన్ని 1981లో తొలిసారి లోకానికి వెల్లడించారు. ఇన్నేళ్లలో మిషన్లు చిన్నవయ్యాయి, చప్పుడు తగ్గింది కానీ సూత్రం మారలేదు.

బరువు తగ్గితే ఈ జబ్బు తగ్గుతుందన్న మాట నిజం. మెడలోనే కాక నాలుకలో కూడా కొవ్వు పేరుకుంటుంది. బరువు తగ్గినవారిలో నాలుకలోని కొవ్వు తరగడమే ఊపిరి మెరుగుపడటానికి ప్రధాన కారణమని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎంఆర్ఐ పరీక్షలతో 2020లో చూపించారు. అయితే గొంతు ఇరుకు కావడానికి కొవ్వు ఒక్కటే కారణం కాదు. వెనక్కు ఉన్న చిన్న దవడ, పెద్ద టాన్సిళ్లు, వంకరగా ఉన్న ముక్కు దూలం, వయసుతో సడలే కండరాలు ఇవన్నీ కలిసి జబ్బు అవుతాయి. ఆపరేషన్ పొట్టను చిన్నది చేస్తుంది గానీ దవడ ఎముకను ముందుకు జరపదు కదా. సన్నగా ఉండీ గంటకు ఇరవై, ముప్పై సార్లు ఊపిరి ఆగే మనుషులను నా దగ్గర వారం వారం చూస్తూనే ఉంటాను.

ఇక్కడ కొన్ని అంకెలు చెప్పాలి. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, లేదా బాగా తగ్గిందో చెప్పే లెక్కను ఏహెచ్ఐ అంటారు. పెద్దవారిలో అది 5 లోపు ఉంటే జబ్బు లేనట్లే. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. బరువు తగ్గించే ఆపరేషన్ అయిన 342 మంది వివరాలున్న 12 అధ్యయనాలను కలిపి 2009లో ఒక విశ్లేషణ వెలువడింది. వారి సగటు ఏహెచ్ఐ ఆపరేషన్‌కు ముందు సుమారు 55 ఉండగా, ఆ తరువాత సుమారు 16కు దిగింది. ఎంత పెద్ద మెరుగుదలో చూడండి. అయినా 16 అంటే ఇంకా మధ్యస్థ స్థాయి జబ్బే. అది సగటు కాబట్టి, వారిలో పూర్తిగా బయటపడినవారూ ఉంటారు, అంతగా మారనివారూ ఉంటారు. మీవారు ఏ గట్టున ఉన్నారో అద్దం చెప్పదు, తూకం చెప్పదు, పరీక్ష ఒక్కటే చెబుతుంది.

గురక పోయింది కదా అన్న వాదన నేను ఎక్కువగా వినే వాదన. గురక చప్పుడు తగ్గడం వేరు, ఊపిరి ఆగకపోవడం వేరు. కిందటి వేసవిలో పటమట నుంచి ఒక ఉపాధ్యాయుడు వచ్చారు. ఆపరేషన్ అయి ఏడాది గడిచింది, ఆయనకూ నలభై కిలోల దాకా తగ్గింది. కొత్త బెల్టు కొనకుండా పాత తోలు బెల్టుకే మేకుతో నాలుగు రంధ్రాలు పొడిపించుకున్నారు. కుర్చీలో కూర్చుంటూనే బెల్టు విప్పి, ఆ రంధ్రాలను ఒక్కొక్కటిగా వేలితో చూపించి, ఇంత తగ్గినవాడికి ఇంకా పరీక్ష ఎందుకండీ అని అడిగారు. బతిమాలి ఒక రాత్రి పడుకోబెట్టాము. అర్ధరాత్రి రెండున్నర దాకా గ్రాఫు కృష్ణా కాలువలా నిదానంగా సాగింది. తరువాత కలలు వచ్చే నిద్రలోకి జారి, వెల్లకిలా తిరిగారు. అక్కడి నుంచి నలభై నిమిషాల పాటు ఆక్సిజన్ గీత రంపపు పళ్లలా దిగుతూ లేస్తూ ఉంది. ఒక చోట 81 శాతానికి పడింది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆయన హాయిగా నిద్ర పట్టిందని చెప్పారు. అబద్ధం చెప్పలేదు, ఆయనకు తెలిసినది అంతే. కలల నిద్రలో కండరాలు మరింత సడలిపోతాయి, ఆ నిద్ర రాత్రి రెండో సగంలో ఎక్కువగా వస్తుంది. మీరు తెల్లవారుజామున చూసినది కూడా అదే అయి ఉండవచ్చు.

మిషన్ మానేసిన రోజు నుంచి ఏదైనా తేడా కనిపించాలి కదా, ఏమీ లేదే అని కూడా మీవారు అనవచ్చు. 2011లో స్విట్జర్లాండ్ పరిశోధకులు సీప్యాప్ బాగా వాడుతున్న రోగుల్లో కొందరికి రెండు వారాల పాటు ఆ చికిత్స ఆపి చూశారు. ఊపిరి ఆగడం వెంటనే తిరిగి వచ్చింది. ఆ రెండు వారాల్లోనే పొద్దుటి రక్తపోటు పెరిగింది. వారు బరువు తగ్గినవారు కారు కాబట్టి మీవారికి అచ్చంగా అలాగే అవుతుందని నేను అనను. అయితే బరువు తగ్గాక బీపీ మాత్రలు ఆయనకు తగ్గించి ఉంటే మాత్రం, ఈ రెండు నెలల్లో బీపీ ఎలా ఉందో తప్పక చూపించుకోండి.

పరీక్షకు ఇది సరైన సమయమే. సాధారణంగా ఆపరేషన్ తరువాత ఆరు నెలలకూ ఏడాదికీ మధ్య, బరువు ఒక చోట నిలకడకు వచ్చాక, మళ్లీ నిద్ర పరీక్ష చేయాలి. వేలికి, ముక్కుకు, ఛాతీకి మాత్రమే తీగలు పెట్టి ఇంట్లో చేసే పరీక్ష కూడా ఉంది. అయితే అది నిజంగా నిద్రపోయిన గంటలను కాక తీగలు పెట్టుకుని ఉన్న గంటలను లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, మెలకువగా దొర్లిన సమయం కూడా కలిసి ఫలితం తక్కువగా కనిపించవచ్చు. మిషన్ పూర్తిగా మానాలా అన్న నిర్ణయం కోసమైతే, అందులోనూ వెనుక 58 ఉన్న మనిషికైతే, తలకు తీగలు అంటించి ఆసుపత్రిలో రాత్రంతా చేసే పూర్తి పరీక్షకే నేను మొగ్గు చూపుతాను. పరీక్ష మిషన్ లేకుండా జరుగుతుంది, దానికి ముందు ఎన్ని రాత్రులు మిషన్ ఆపాలో వైద్యుడే చెబుతారు. ఆ రాత్రి మద్యం, నిద్రమాత్ర ఉండకూడదు. కొంతసేపైనా వెల్లకిలా పడుకోవాలి. పక్కకు తిరిగి మాత్రమే పడుకుంటే మంచి అంకె రావచ్చు, కానీ ఇంట్లో పడుకునేది అలా కాదు కదా.

ఫలితం 5 లోపు వస్తే మిషన్ నిశ్చింతగా మానవచ్చు. ఏడాదికోసారి బరువు, బీపీ, పగటి మగత చూపించుకుంటే సరిపోతుంది. 5కూ 15కూ మధ్య వస్తే పగటి మగత, బీపీ, గుండె పరిస్థితి, చేసే ఉద్యోగం చూసి నిర్ణయిస్తాము. వెల్లకిలా ఉన్నప్పుడే జబ్బు కనిపిస్తే పక్కకు పడుకునే ఏర్పాటుతో, కొందరికి కింది దవడను ముందుకు ఉంచే పంటి పరికరంతో గడిచిపోతుంది. 15 దాటితే మిషన్ కొనసాగించాలి. అప్పుడు కూడా 13 కాక 7 లేదా 8 ప్రెషర్‌తో సరిపోవచ్చు, ఆ తేడా మొహం మీద ఎంత హాయిగా ఉంటుందో పెట్టుకున్నవారికే తెలుసు.

మీ ఆడపడుచు భర్త సంగతి. ఆయనకు నిద్ర పరీక్ష జరగకుండా మిషన్ ఇవ్వడమంటే ఒకరి కళ్లద్దాలు ఇంకొకరికి పెట్టడమే. ఆయనకు ఎంత ప్రెషర్ కావాలో తెలియదు, అసలు కావలసినది ఈ రకం మిషనో కాదో తెలియదు. మాస్కూ గొట్టమూ ఒకరివి ఇంకొకరు వాడకూడదు. పాత మిషన్ చేతులు మారేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. చప్పుడు తగ్గించడానికి లోపల అమర్చిన ఫోమ్ పాడై దాని రేణువులు గాలిలో కలిసే ప్రమాదం ఉందని, ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో తన సీప్యాప్ మిషన్లలో, పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చే బైపాప్ మిషన్లలో అనేక రకాలను ప్రపంచవ్యాప్తంగా వెనక్కు పిలిచింది. పాత మిషన్ ఏది వాడాలన్నా దాని మోడల్, సీరియల్ నంబరు చూసి ఆ జాబితాలో లేదని నిర్ధారించుకోవాలి. ఆయనను పరీక్షకు పంపండి.

ఒక్క మాట. ఈసారి మీవారు అలా ఊపిరి బిగబట్టినట్లు కనిపిస్తే లెక్కపెట్టడంతో పాటు ఫోనులో ఒక నిమిషం వీడియో తీయండి. డాక్టరుకు చూపించడానికే కాదు, ఆయనకు చూపించడానికి కూడా.

ప్రశ్న: నా వయసు 41. వచ్చే నెల నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్. నిద్ర పరీక్షలో తీవ్రమైన ఆప్నియా ఉందని, ఆపరేషన్‌కు ముందే కొన్ని వారాలు సీప్యాప్ వాడాలని, ఆసుపత్రికి కూడా దాన్ని తెచ్చుకోవాలని మత్తు డాక్టరు గారు అంటున్నారు. ఎలాగూ బరువు తగ్గబోతున్నాను కదా, ఈ ఖర్చు దేనికి? పైగా ఆ గాలి పొట్టలోకి పోయి కొత్త కుట్లు తెగిపోతాయని తెలిసినవారు భయపెట్టారు.
— ఒక పాఠకుడు, గుణదల, విజయవాడ

జవాబు: మీ మత్తు డాక్టరు గారు మీ మేలు కోరి చెప్పారు. బరువు నెలల మీద తగ్గుతుంది, ప్రమాదం మాత్రం ఆపరేషన్ అయిన మొదటి రాత్రులలోనే ఎక్కువ. మత్తు ప్రభావం పూర్తిగా వదలదు, నొప్పి తగ్గించే బలమైన మందులు మెదడుకు ఊపిరి మీద ఉండే ధ్యాసను తగ్గిస్తాయి, వెల్లకిలా పడుకోవలసి వస్తుంది. మామూలుగా ఊపిరి ఆగితే లేపే మెదడు, ఆ రాత్రి మందుల మగతలో ఆలస్యంగా లేపుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే మాస్కు అలవాటు కావాలి. కుట్ల నొప్పితో ఉన్న రాత్రి మొదటిసారి మాస్కు పెడితే ఎవరూ భరించలేరు. మిషన్, మాస్కు, గొట్టం అన్నింటి మీదా మీ పేరు రాసి తీసుకువెళ్లండి. వార్డులోకి మార్చేటప్పుడు మిషన్ మీతో పాటు వచ్చిందో లేదో చూసే పని ఇంటివారిలో ఒకరికి అప్పగించండి. తల వైపు మంచం ఎత్తి పెట్టమని అడగండి.

కుట్లు తెగుతాయన్న భయం ఒకప్పుడు వైద్యుల్లో కూడా ఉండేది. ఆపరేషన్ తరువాత సీప్యాప్ వాడినవారిలో కుట్ల దగ్గర లీకు ఎక్కువగా రాలేదని ఆ తరువాతి అధ్యయనాలు చూపాయి. ఒత్తిడి ఎంతో ఆలోచించండి. మీ మిషన్ 10 మీద ఉందంటే, పది సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగల ఒత్తిడి, అంటే ఒక గ్లాసు నీళ్లంత. బీపీ చూసేటప్పుడు చేతి పట్టీని 120 దాకా ఊదితే అది 160 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి పైమాట. గట్టిగా దగ్గినప్పుడు కడుపులో పుట్టే ఒత్తిడి మిషన్ ఒత్తిడికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయితే ఆపరేషన్ తరువాత తొలి వారాల్లో గుండె దడ, జ్వరం, భుజానికి పాకే కడుపు నొప్పి, ఆగని వాంతులు వస్తే, మిషన్ వల్లేమో అని ఇంట్లో ఆగకుండా రాత్రయినా సరే సర్జన్‌ను కలవండి.

మీకు ఆరోగ్య బీమా ఉంటే నిద్ర పరీక్ష నివేదిక జాగ్రత్తగా దాచండి. 2019లో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూపే లెక్క) 40 లేదా అంతకు మించి ఉన్నవారికి, లేదా 35 అయినా ఉండి దానితో పాటు తీవ్రమైన స్లీప్ ఆప్నియా వంటి జబ్బు ఉన్నవారికి, ఇతర మార్గాలు ఫలించనప్పుడు, ఈ ఆపరేషన్ ఖర్చును స్థూలకాయం పేరుతో మినహాయించకూడదు. ఆ నివేదికే మీకు సాక్ష్యం.

ప్రశ్న: గ్యాస్ట్రిక్ బైపాస్ అయి నాలుగు నెలలైంది. 104 కిలోల నుంచి 83కు వచ్చాను. సీప్యాప్ మానలేదు. కానీ ఇప్పుడు మాస్కు పక్కల నుంచి గాలి ఈలలు వేస్తూ కళ్లలోకి కొడుతోంది. పట్టీలు బిగిస్తే ముక్కు మీద పుండు పడుతోంది. పొద్దున్నే కడుపు ఉబ్బి తేన్పులు వస్తున్నాయి. ఏసీ వేసుకుంటే గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమంటోంది. కరెంటు పోతే ఊపిరాడదేమోనని కూడా భయం.
— ఒక గృహిణి, భవానీపురం, విజయవాడ

జవాబు: మీరు మానకుండా వాడుతున్నందుకు సంతోషం. మీరు చెప్పిన ఇబ్బందుల్లో ఈల, పుండు, ఉబ్బరం మూడూ మీరు బరువు తగ్గడం వల్ల వచ్చినవే. బుగ్గలు లోపలికి పోయాయి, మాస్కు మాత్రం పాత మొహానికి కొన్నది. పట్టీ బిగించకండి, సైజు మార్చండి. కొత్త మాస్కును దుకాణంలో కూర్చుని కాక, పడుకుని, మిషన్ ఆన్ చేసి, పక్కలకు తిరిగి చూసి ఎంచుకోవాలి. ఇంకా బరువు తగ్గుతారు కాబట్టి ఖరీదైన మాస్కు ఇప్పుడే కొనకుండా, కుషన్ ఒక్కటే మార్చే వీలుంటే అలా చేయండి. రాత్రి మొహానికి కొబ్బరినూనె, క్రీము రాస్తే సిలికాన్ జారుతుంది. మాస్కును రోజూ గోరువెచ్చని నీళ్లతో, పసిపిల్లల సబ్బుతో కడిగి నీడలో ఆరబెడితే చాలు. డెట్టాల్ వంటివి వద్దు.

ఉబ్బరానికి కారణం, అవసరానికి మించిన ప్రెషర్‌లో మీరు గాలి మింగుతూ ఉండటం. ఆపరేషన్ తరువాత చిన్నదైన పొట్టకు ఆ కొద్ది గాలి కూడా ఎక్కువే. శరీర బరువులో పదో వంతు తగ్గేసరికే ప్రెషర్‌ను మళ్లీ చూడాలన్నది మేము పాటించే పద్ధతి, మీరు ఐదో వంతు తగ్గారు. మిషన్‌లోని కార్డు తీసుకుని వైద్యుని దగ్గరకు వెళ్లండి. ఎన్ని గంటలు వాడారో, ఎంత గాలి లీకవుతోందో, మిషన్ పెట్టుకున్నాక కూడా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో అందులో రాత్రి వారీగా ఉంటుంది.

గొట్టంలో నీళ్లు, తేమ పెట్టెలోని వెచ్చని ఆవిరి ఏసీ చల్లదనానికి నీరై దిగడం వల్ల చేరేవే. వానాకాలంలో మన ఊరి గాలిలోనే తేమ ఎక్కువ, అప్పుడు తేమ సెట్టింగు బాగా తగ్గించవచ్చు. గొట్టానికి మెత్తని గుడ్డ తొడగండి, మిషన్‌ను మంచం ఎత్తు కన్నా కింద పెట్టండి, నీళ్లు మొహం వైపు రాకుండా మిషన్ వైపే జారతాయి. కరెంటు పోతే భయం లేదు. నోరూ ముక్కూ మూసే మాస్కుకు బయటి గాలి వచ్చే చిన్న కవాటం ఉంటుంది, ముక్కు మాస్కు అయితే నోరు తెరుచుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే మిషన్ ప్లగ్గును దాని లైనులోకి మార్పించండి.

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తాను. అయిదేళ్ల క్రితం ఆపరేషన్‌తో 46 కిలోలు తగ్గాను. ఏడాదిన్నరకు పరీక్ష చేసి, ఏహెచ్ఐ 4 ఉంది, మిషన్ అక్కర్లేదన్నారు. ఇప్పుడు 14 కిలోలు తిరిగి పెరిగాను. మళ్లీ గురక పెడుతున్నానని ఇంట్లో అంటున్నారు. మధ్యాహ్నం లెక్కల పుస్తకం ముందే కునుకు వస్తోంది. మళ్లీ మిషన్ పెట్టుకోవలసి వస్తే చేయించుకున్న ఆపరేషన్ వృథా అయినట్లే కదా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వృథా కాలేదు. 46లో 32 కిలోలు ఇప్పటికీ మీ ఒంటి మీద లేవు. ఆపరేషన్ తరువాత ఏడాది, ఏడాదిన్నరకు బరువు అట్టడుగుకు చేరి, ఆ పైన కొంత తిరిగి రావడం చాలామందిలో జరిగేదే, అందుకు సిగ్గుపడి వైద్యుని దగ్గరకు వెళ్లకపోవడమే నష్టం. జనాభాలో మామూలు మనుషులను నాలుగేళ్ల పాటు గమనించి 2000లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో, బరువు పది శాతం పెరిగినవారిలో ఏహెచ్ఐ సుమారు 32 శాతం పెరిగినట్లు తేలింది. కాబట్టి మీకు అప్పుడు వచ్చిన 4 ఇప్పుడు చెల్లదు. పరీక్ష మళ్లీ చేయించండి.

పగటి కునుకు అంతా ఆప్నియా మీదకే నెట్టకండి. బైపాస్ అయినవారికి ఇనుము, బీ12 సరిగా ఒంటపట్టవు. మాత్రలు మానేసి ఉంటే రక్తహీనతతో కూడా ఇలాగే నీరసం, మగత వస్తాయి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్, బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా ఒకేసారి చేయించండి. మద్యం అలవాటు ఉంటే, బైపాస్ తరువాత అది ఒంట్లోకి త్వరగా ఎక్కుతుందనీ, గొంతు కండరాలను మరింత సడలిస్తుందనీ గుర్తుంచుకోండి. మళ్లీ మిషన్ అవసరమైతే, ఘాటూ దుమ్మూ ఉండే యార్డులో కాక ఇంట్లోనే ఉంచి, ఫిల్టరును మిగతావారి కన్నా ముందుగా మార్చాలి. పాత మిషన్‌ను మునుపటి ప్రెషర్‌తో మీరే ఆన్ చేసుకోవద్దు. మీకు ఒకప్పుడు ఇచ్చినది బైపాప్ అయితే, రక్తంలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉందో కూడా చూడవలసి ఉంటుంది కాబట్టి మరీ ఆలస్యం చేయకండి.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల గురించి కూడా ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. టిర్జెపటైడ్ అనే మందును స్థూలకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర స్థాయి ఆప్నియా ఉన్న పెద్దవారికి వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో అనుమతించింది. 2025 మార్చిలో మధుమేహానికీ, బరువు తగ్గడానికీ అది మన దేశంలో కూడా అమ్మకానికి వచ్చింది. ఆపరేషన్ అయినవారికి అది తగునా అన్నది మీ సర్జన్, ఎండోక్రైనాలజిస్టు కలిసి చెప్పాలి. మందు మొదలుపెట్టినా, బరువు దిగేదాకా గొంతును తెరిచి ఉంచేది మిషనే.

పరీక్షకు వచ్చేటప్పుడు రెండు పాత నిద్ర నివేదికలు, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, ఇప్పుడు వేసుకుంటున్న మందులు తీసుకురండి. మీ భార్యను కూడా వెంట తీసుకురండి. గురక ఎప్పుడు మళ్లీ మొదలైందో, ఎటు తిరిగి పడుకుంటే పెరుగుతోందో, మధ్యలో ఆగుతోందో లేదో ఆమెను అడగాలి.